ఇంటికో బీపీ మెషిన్ ఎందుకుండాలంటే

“ఒరేయ్, ఆ పట్టీ బిగుసుకుపోయి మళ్ళీ వదలకపోతే? చెయ్యి తీసెయ్యాల్సి వస్తుందేమోరా!”

బీపీ మెషిన్ ఇంకా అట్టపెట్టెలో ఉండగానే మా అబ్బాయితో నేనన్న మాట ఇది. “పెట్టె తెరవనియ్యవే, చెయ్యి సంగతి తర్వాత చూద్దాం” అన్నారు మా ఆయన. ఆయనకు దేనికీ భయం లేదు. ఆయన వాటా భయం కూడా పెళ్ళయిన నాటి నుంచీ నేనే పడుతున్నాను.

అంత హడలిపోయిన నేనే ఇవాళ చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి: మనిషి కనిపెట్టిన వస్తువుల్లో బీపీ మెషిన్‌ను మించింది లేదు! ఇంటికి తలుపు లేకపోయినా సర్దుకోవచ్చు. ఈ మెషిన్ లేకపోతే మాత్రం అది ఇల్లే కాదు. నేను చదివింది ఏడో తరగతే కానీ, ఈ ఒక్క విషయంలో ఎంత చదువుకున్నవాళ్ళతోనైనా వాదనకు దిగుతాను.

అసలు సంగతి చెప్పాలి. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కంపెనీవాళ్ళు చేయించిన పరీక్షల్లో వాడికి బీపీ ఉందని తేలింది. అది ఎన్నాళ్ళ నుంచో చడీచప్పుడూ లేకుండా కిడ్నీలను తినేస్తోందట. మూడో దశ అన్నారు. “మొత్తం ఎన్ని దశలు డాక్టరమ్మా?” అని అడిగాను. “ఐదు” అంది. నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. ముందు నాకే బీపీ చూశారు.

“పోయింది తిరిగి రాదమ్మా. ఉప్పు తగ్గించి, బీపీ అదుపులో పెట్టుకుంటే ఉన్నది చాలా ఏళ్ళు కాపాడుకోవచ్చు” అంది డాక్టరమ్మ.

ఉన్నది కాపాడటం! ఆ విద్య నాకు కాక ఇంకెవరికి వచ్చు?

ఇంటికి రాగానే ఉప్పు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. చోటు చాలక నగలు బయట పెట్టాను. దొంగ వస్తే నగలు పట్టుకుపోనివ్వండి, ఉప్పు మాత్రం వాడి తాత దిగొచ్చినా దొరకదు! రక్తంలో పొటాషియం కూడా కాస్త ఎక్కువుందన్నారని బంగాళాదుంపలు ముక్కలు కోసి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోశాను. పారబోసే ముందు ఆ పొటాషియం ఎలా ఉంటుందోనని గిన్నెలోకి తొంగి చూశాను. ఏమీ కనబడలేదు. కనబడని శత్రువే కదండీ అసలు ప్రమాదం? అందుకని మళ్ళీ ఉడికించాను. అనుమానం తీరక ఇంకోసారి. చివరికి గిన్నెలో బంగాళాదుంప కూడా కనబడలేదు.

ఎదురింటి టైలరమ్మ ఒక ప్యాకెట్టు తెచ్చి, “ఇది సోడియం తక్కువ ఉప్పు వదినా, నిశ్చింతగా వాడుకో” అంది. డాక్టరమ్మకు చూపిస్తే ఆవిడ కుర్చీలోంచి లేచినంత పని చేసింది. సోడియం తగ్గించిన చోట పొటాషియం కలిపారట! మావాడిలాంటి వాళ్ళకు అది ఇంకా చేటట! అప్పటి నుంచి టైలరమ్మ మంచినీళ్ళిచ్చినా “ఇందులో ఏం కలిపారు?” అని అడిగే తాగుతున్నాను.

ఇక మెషిన్ మహిమ వినండి.

పూర్వం మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే తప్పెవరిదో తేలేది కాదు. ఇప్పుడు ఆ బాధే లేదు. వాదన మొదలుకాగానే మా ఆయన చేతికి పట్టీ కడతాను. నంబరు పెరిగిందా, తప్పు ఆయనదే. లేకపోతే గుండె ఎందుకు అదురుతుంది? పెరగలేదా, నా మాట చెవిన పెట్టలేదన్నమాట. అదీ ఆయన తప్పే! ఇంత నిష్పక్షపాతమైన న్యాయం ఏ కోర్టులో దొరుకుతుంది చెప్పండి?

వచ్చిన చుట్టాన్ని ఎన్నాళ్ళుంటావని అడగలేం కదా? పట్టీ చేతపట్టుకుని ఎదురెళితే చాలు, చెప్పులు విప్పకుండానే పనులు గుర్తొస్తాయి. నీళ్ళ మీటరు రీడింగు తీసుకోవడానికి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి నేనే అతని రీడింగు తీశాను. పాపం, ఆ నెల బిల్లు ఇవ్వడం మరిచిపోయి వెళ్ళాడు. ఇన్ని లాభాలున్న వస్తువును పెళ్ళికి కానుకగా ఇవ్వకుండా ఇంకా గోడ గడియారాలు ఇస్తున్నారే, వాళ్ళను ఏమనాలి?

కానీ మెషిన్ ముఖ్యంగా మా అబ్బాయి కోసం కదా! రోజూ వాడు పనికి బయలుదేరే ముందు నేనే పట్టీ చుట్టి, బటన్ నొక్కి, పక్కనే నిలబడతాను. గాలి నిండుతున్నంతసేపూ ఊరికే ఎందుకుండాలి? “తల తిరుగుతోందా? కాళ్ళు వాచాయా? ఒంటికి వెళితే నురగ వచ్చిందా? నిన్న క్యాంటీన్‌లో ఏం తిన్నావ్? నిజం చెప్పు! మీ పెదనాన్న ఇలాగే నవ్వుతూ నవ్వుతూ పోయాడు!” అని ప్రేమగా కనుక్కుంటాను. నంబరు చూస్తే ఎప్పుడూ ఆకాశంలోనే. “చూశావా! నేననుకుంటూనే ఉన్నాను!” అంటాను. నేను అనుకున్నది ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ నంబర్లు చూసే డాక్టరమ్మ మాత్ర డోసు పెంచింది. అయినా తగ్గలేదు. వచ్చేసారికీ ఇలాగే ఉంటే ఇంకో మాత్ర కలుపుతానంది.

ఆ సాయంత్రం వంటింట్లో నేనున్నానని తెలియక మావాడు వాళ్ళ నాన్నతో అంటున్నాడు: “ఇంకో మాత్ర అంటే నావల్ల కాదు నాన్నా. డోసు పెంచినప్పుడే లిఫ్టు పెట్టె మీద నిలబడితే కళ్ళు తిరిగాయి. ఏదో ఊచ దొరికి ఆగాను. ఇక పైకెక్కే పని మానుకోవాలేమో. అమ్మకు చెప్పకు.”

మాత్ర వేసుకుంటే పైనుంచి పడతాడు, వేసుకోకపోతే కిడ్నీలు పోతాయి! ఇంతకంటే ఘోరం నేను కూడా ఊహించలేదు.

ఈసారి ఆస్పత్రికి ముగ్గురం వెళ్ళాం. నన్ను బయట బెంచీ మీద కూర్చోమని డాక్టరమ్మ లోపల వాడికి బీపీ చూసింది. తర్వాత నన్ను పిలిచి, “ఇక్కడ చక్కగా ఉందమ్మా. ఇంట్లో ఎలా చూస్తున్నారు?” అని అడిగింది. పట్టీ చుట్టడం నుంచి పెదనాన్న దాకా అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇంకో మాత్ర ఇప్పుడే వద్దు. వారం పాటు సరిగ్గా చూసి రండి. చూసేముందు ఐదు నిమిషాలు, చూస్తున్నంతసేపూ, ఎవరూ మాట్లాడకూడదు.”

“ఎవరూ అంటే?”

“మీరేనమ్మా.”

మా ఆయన దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నారు. అది దగ్గు కాదు.

మర్నాడు పొద్దున్న మావాడు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, చెయ్యి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా నేను, పెదవులు బిగబట్టి. ఐదు నిమిషాలు! అందులో ఎన్ని ఘోరాలు జరగొచ్చో మీకేం తెలుసు? మా ఇంట్లో గడియారం ఇంత గట్టిగా కొట్టుకుంటుందనీ, మా ఆయన కాఫీ ఇంత చప్పుడుతో తాగుతారనీ నాకు ఆ రోజే తెలిసింది.

మావాడు బటన్ నొక్కాడు. నూట ముప్పై రెండే!

“మెషిన్ పాడైపోయిందిరా!” అన్నాను.

వాడు వేలు పెదవుల మీద పెట్టి చూపించాడు. ఒక నిమిషం ఆగి రెండోసారి కూడా చూడాలట. సరేనని ఊరుకున్నాను. కానీ నిమిషం ముగుస్తుండగా నోరు జారింది. “నీకు భయమేస్తోందట్రా?” అనేశాను. అప్పటికే వాడి వేలు బటన్ నొక్కేసింది.

ఇక దాపరికమెందుకు? నా కంప్లయింటు ఉప్పు మీదా కాదు, బీపీ మీదా కాదు. అడిగింది పూర్తికాకముందే “ఏం లేదమ్మా” అని వచ్చిపడే జవాబు మీద. దానికి మందు ఏ డాక్టరూ రాయలేదు. అన్నం ఎందుకు వదిలేశావన్నా ఏం లేదమ్మా, మొహం అలా ఉందేంరా అన్నా ఏం లేదమ్మా. ఆఖరికి కన్నకొడుకు సంగతులు తల్లి వంటింటి తలుపు వెనక నిలబడి తెలుసుకోవాలి!

కానీ మెషిన్ నడుస్తుంటే మాట్లాడకూడదు కదా! పట్టీ ఉబ్బుతోంది. ఆ రెండు ముక్కలూ వాడి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోవడం కళ్ళారా చూశాను. పట్టీ బిగిసింది. వాడు కిటికీ వైపు చూశాడు, నేల వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను కదల్లేదు. మా ఆయన గ్లాసు కింద పెట్టేశారు. పట్టీ మెల్లగా గాలి వదులుతూ, వదులుతూ, ఫుస్సుమని ఆగింది. నంబరు వచ్చింది. ఎవరమూ దాని వంక చూడలేదు.

“వేస్తోందమ్మా” అన్నాడు మావాడు. “లిఫ్టు పైనుంచి కిందికి చూస్తే అంత వెయ్యదు. ఇంటికొచ్చి నీ మొహం చూస్తేనే.”