అరగని బొగ్గు కడ్డీ

లోకంలో బొగ్గు కడ్డీని మించిన ఆఫీసరు పుట్టలేదు. టార్చిలైటు సెల్లు పగలగొట్టి చూడండి. నట్టనడుమ నల్లగా, నిటారుగా కూర్చుని ఉంటుంది. కరెంటును తన మీదుగా పోనిస్తుంది తప్ప తను ఇసుమంతైనా అరగదు. అరిగి చిల్లులు పడేదల్లా చుట్టూ ఉన్న జింకు రేకు.

ఇంత నిబ్బరమున్న వస్తువు గనుకనే డెబ్బై నాలుగులో మా తిరువూరు పంచాయతీ సమితి ఆఫీసు దాన్నే ప్రమాణంగా పెట్టుకుంది. పాత సెల్లు చచ్చిందని తేలితేనే కొత్తది ఇస్తారు. తేల్చడానికి సెల్లుల మరణ నిర్ధారణాధికారిగా అంకారావు గారు దిగారు. (మనుషులకు అలాంటి అధికారి లేడు. వాళ్లు సొంతంగానే చచ్చేవారు.)

సర్కారు మంత్రసాని హన్నమ్మ టార్చి పట్టుకుని వెళ్లింది.

"సార్, సెల్లులు అయిపోయాయండి. పెనుగొలనులో జోజమ్మకి నేడో రేపో పురుడు. డొంకదారిన పోవాలి."

"ఎండలో పెట్టావా?"

"పెట్టానండి. వెలగలా."

(మా ఊరి జోజప్ప రోహిణి కార్తెలో ఎండబెట్టిన సెల్లులకైతే వెలుగు విస్సన్నపేట దాకా పోయి, అక్కడి కోళ్లు తెల్లారిందని కూశాయి. నమ్మకపోతే కోళ్లనే అడగండి.)

అంకారావు గారు రెండు సెల్లులూ సుత్తితో పగలగొట్టి, కడ్డీలు లాగి, స్కేలు పెట్టి కొలిచారు.

"చూడమ్మా, కొత్తదానిలో కడ్డీ ఎంతో ఇదీ అంతే. ఏమాత్రం అరగలేదు. అంటే సెల్లు బతికే ఉంది."

"బతికున్నదాన్ని పగలగొట్టారేంటి సార్?"

"పగలగొట్టకపోతే బతికుందని ఎలా తెలుస్తుందమ్మా!"

రాలిన నల్లపొడిని బడి పంతులు ప్రభుదాసు గారు పొట్లం కట్టుకుపోయారు, దొండాకు పసరుతో నూరి నల్లబల్లకు పూయడానికి. ఆ ఆఫీసు నుంచి ఊరికి ఒరిగింది అదొక్కటే.

ఆ రాత్రే జోజమ్మకి నొప్పులని కబురొచ్చింది. హన్నమ్మ చీకట్లోనే బయల్దేరి, డొంకలో గోతిలో పడి కాలు విరగ్గొట్టుకుంది. పొలానికి నీళ్లు పెడుతున్న లాజరు ఆవిడ కేకలు విని, మనుషుల్ని పిలిచి, ఆవిణ్ణి మంచం మీద పురిటింటికే మోయించాడు. ఒక మంచం మీద జోజమ్మ, పక్క మంచం మీద మంత్రసాని. ఇద్దరూ కేకలేస్తూనే ఆడపిల్లను భూమ్మీదికి తెచ్చారు. (ఎవరి కేక పెద్దదన్నది ఊళ్లో ఇంకా తేలలేదు.)

హన్నమ్మ ఆస్పత్రిలో చేరి సెలవు అడిగింది. అంకారావు గారు స్వయంగా ఆస్పత్రికి వచ్చి, జేబులోంచి అదే స్కేలు తీసి, ముందు బాగున్న కాలు, తర్వాత కట్టు కట్టిన కాలు కొలిచారు.

"పొడవేం తగ్గలేదుగా హన్నమ్మా, సెలవు దేనికి? సోమవారం డ్యూటీకి రా."

ఆయన మాత్రం ముప్ఫై ఏళ్లు సర్వీసు చేసి, చేరిననాడు ఎంత ఉన్నారో అంతే ఉండి, ఇసుమంతైనా అరక్కుండా రిటైరయ్యారు.