నీటిచుక్క పరీక్షలో పాసైన పెనం

"అంటదంటే అంటదు!"

"మరి గదేంది? అంటింది గదా!"

"అది అంటుడు గాదు. జర పట్టుకున్నది."

ఆదివారం పొద్దున్నుంచీ మా ఇంట్లో ఇదే రభస. అటు మా ఆయన సోమలింగం, ఇటు నేను, నడుమ కొత్త నాన్‌స్టిక్ పెనం, దాన్ని కరుచుకున్న రెండు గుడ్లు.

అయినా పాఠకులారా, నేను ఆయన పక్షమే! గుడ్డు అతుక్కునే పెనం మహాభాగ్యం!

మా ఆయన పాండేసరలోని బట్టల మిల్లులో బట్టకు నీళ్లంటని ఫినిషింగ్ వేస్తారు. వేశాక ముక్క మీద నీళ్లు చల్లుతారు. చుక్కలు ముత్యాల్లా జారిపోతే పాస్! పెనాన్నీ అలాగే పరీక్షించారు. చుక్కలు దొర్లాయి. "పాస్! ఇగ నూనె గిట్ల అక్కర్లేదు" అంటూ గుడ్లు కొట్టారు.

గుడ్డేమైనా నీళ్లా, చెప్పండి?

బీఎస్సీ చదివే మా అమ్మాయి సుమన తీర్పు చెప్పింది. "బాపూ, గుడ్డుల ప్రొటీన్ ఉండలెక్క చుట్టుకొని ఉంటది. నీళ్లంటే పడని భాగాన్ని లోపట దాసుకుంటది. నీ పెనానికి సుత నీళ్లంటే పడదాయె. జోడీ కుదిరింది! ఉండ విప్పుకొని అతుక్కున్నది."

"మా తమ్ముని లెక్కనా?" అంది మా అత్త నర్సవ్వ. "రెండు దినాలుంటనని వచ్చి, అంగీ విప్పి మంచంల వాలిండు. దీపావళి దాక లేవలే!"

"గంతే నానమ్మా!"

ఎంత చక్కని సంబంధం! కట్నం లేదు, కబుర్లు లేవు, మూడు నిమిషాల్లో పెళ్లి! మనం తిన్న ప్రొటీన్ ఒంటికి పట్టిందో లేదో డాక్టరైనా చెప్పలేడు. పెనానికి పట్టింది మాత్రం కళ్లారా కనబడుతుంది! గోకి గోకి నా కుడి భుజం పహిల్వాన్‌ది అయిపోయింది. ఎడమదే పాపం, వెనకబడింది!

"మీరూ ఓ చెయ్యి వేయరాదా?" అన్నాను మా ఆయనతో.

"నాన్‌స్టిక్ అంటే అంటనిది. అంటనిదానికి తోముడేంది?"

అప్పుడు తట్టింది, ఈ ఇంట్లో అసలైన నాన్‌స్టిక్ ఎవరో! ఇరవై రెండేళ్లుగా ఎన్ని అంట్లు పడ్డా ఆ చేతులకు ఒక్కటీ అంటలేదు. నీటిచుక్క పరీక్షే కాదు, కన్నీటిచుక్క పరీక్షలోనూ పాస్!

మధ్యాహ్నం అందరూ పళ్లేల ముందు కూర్చున్నాక, పప్పు వడ్డిస్తూ సుమనతో మెల్లగా చెప్పాను:

"ఇయ్యాల్టి సంది అంట్లు మీ బాపు తోముతడు. ఆయనకేమీ అంటదు గదా."