కడవ మీద పేరు

దాహం తీర్చేది నీరని ఇంతకాలం నమ్మిన అమాయకులలో నేనూ ఒకణ్ణి. కాదు, పాఠకులారా! దాహం తీర్చేది బోర్డు.

కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన ఈ తొలి వేసవిలో, ఎక్కువమంది దప్పిక తీర్చినవారిని ‘జలదాత’ బిరుదుతో సత్కరిస్తామని మా పేట సంఘంవారు ప్రకటించారు. అంతే! వారం తిరక్కముందే బస్టాండు ఎదుట పదకొండు చలిపందిళ్ళు వెలిశాయి. పందిరికన్న బోర్డు పెద్దది. బోర్డు అంచులు దాటి పోయేంతగా దానిమీది పేరు పెద్దది. బస్సు దిగినవాడి మూటను కూలీ అందుకొనేలోగా వాడి నోటికి గ్లాసు అందుతున్నది. పుస్తకాల పార్సిలు కోసం వెళ్ళిన నేను తొమ్మిది గ్లాసులు తాగితేగాని ఆఫీసు గడప చేరలేకపోయాను! ఇంతటి ఔదార్యాన్ని ఏ ధర్మశాస్త్రం పుట్టించగలిగింది?

అయినా సణిగేవారు ఉంటారు. మా వెనుక సందులో మగ్గం నేసుకొనే సుబ్బక్కనే చూడండి. ఇంట్లో కోడలు పచ్చి బాలింత. సందులో బావి ఎండిపోయింది. ఏటా వేసవిలో ఆమె పక్కనే ఉన్న బట్టల వర్తకుడు పెద్ద ఈరన్న పెరటి బావిలో నీళ్ళు తోడుకొనేది. ఈ ఏడు ఆ నీళ్ళన్నీ బండెక్కి బస్టాండు ఎదుటి ఆయన పందిరికి పోతున్నాయి. తప్పేముంది? సందులో పోస్తే చూసేదెవరు?

ఈరన్న ఆమెకు ఓపికగానే నచ్చచెప్పాడు. “పందిట్లోకొచ్చి తాగుపో సుబ్బక్కా. ఎన్ని గ్లాసులైనా తాగు, నేనొద్దంటినా? కడవతో ఇంటికి తీసకపోతే అది సంఘమోళ్ళ లెక్కలోకి రాదు.”

బాలింతను బస్టాండుకు నడిపించడం సుబ్బక్కకు నచ్చలేదు. ఖాళీ కడవతో, చిప్పెడు సున్నంతో నా గుమ్మంలోకి వచ్చింది.

“సామీ, సదువుకున్నోడివి. దీని మింద ఈరన్న పేరు పెద్దగా రాసియ్యి.”

‘ఈరన్న’ సాధువా, ‘వీరన్న’ సాధువా అని అరగంట నిఘంటువులు తిరగేసి, చివరకు ఆమె చెప్పినట్లే రాశాను.

ఏమి ప్రభావం! ఈరన్న స్వయంగా నీళ్ళు చేది, కడవ నింపి, ఆమె తలకెత్తి, పేరున్న వైపు ముందుకు తిప్పాడట. పెద్ద బజారు మీదుగా నిదానంగా నడవమన్నాడట. ఇరవై అడుగుల దూరంలోని ఇంటికి ఆమె మైలు నడిచింది. సగం నీళ్ళు బజారే తాగింది.

మరి నిరుడు ఎలా తెచ్చుకొనేదానివని అడిగాను.

“పెరటి తలుపు నెట్టుకొని పోతాంటి సామీ. ఆయప్ప ఏనాడూ గడియ ఏసింది లేదు.”

పాపం, ఈరన్న! తాను దాతనన్న సంగతి అన్నేళ్ళూ ఆయనకే తెలియదు. సంఘంవారు తెలియజేశారు. బిరుదు ప్రకటించిన సాయంత్రమే పెరటి తలుపుకు గడియ పడింది.