ప్రమోషన్ రాని తుఫాను

ఒక పెద్ద అడవిలో, సముద్రం ఒడ్డును ఒరుసుకునే చోట, గాలివానల ఆఫీసు ఒకటి ఉండేది. సూపరింటెండెంటు నక్క. ఏ గాలి ఏ హోదాలో ఉందో ఫైల్లో రాయడం దాని పని. ఆకాశం చూసొచ్చి చెప్పడానికి పేరంటాలు అనే గూడకొంగ ఉండేది. పాపం, ఆమె గూడు ఒడ్డునే. గూట్లో ఇంకా ఎగరడం రాని పిల్లలు రెండు.

ఓ పొద్దున పేరంటాలు రొప్పుతూ వచ్చి వాలింది.

"అయ్యగారూ, కొంప మునిగేట్టుంది! సముద్రం కాగుతోంది. తడిగాలి పైకి లేస్తోంది. కింద ఖాళీ అయిన చోటికి చుట్టుపక్కల గాలంతా సుడి తిరుగుతూ దూరుతోంది. నిన్నటి అల్పపీడనం ఇవాళ తుఫానైంది, రేపటికి ఒడ్డెక్కుతుంది. మీరు ఆర్డరిస్తే ఏనుగులు ఒడ్డున ఉన్న పిల్లలందర్నీ కొండెక్కిస్తాయి."

నక్క కళ్లద్దాలు సర్దుకుంది. రేపు ఆ ఒడ్డునే సింహంగారి పుట్టినరోజు సభ. తుఫానని రాస్తే సభ రద్దు, తన ఉద్యోగం గోవిందా.

"నిన్న చేరిన అల్పపీడనానికి ఇవాళే ప్రమోషనా? మూడు రోజులు సర్వీసు చెయ్యాలి. తర్వాత వాయుగుండం. ఆ తర్వాతే తుఫాను. మెట్లు దూకడానికి అదేమన్నా మంత్రిగారి బావమరిదా?"

"గాలికి సర్వీసు రూల్సేంటండీ, నా తలకాయ!"

"నోరు జాగ్రత్త. ఇక వెళ్లు."

పేరంటాలు ఏనుగుల దగ్గరికి పోయింది. "ఆర్డరేదమ్మా?" అన్నాయవి. పొరుగు గూళ్లకెళ్లి మొత్తుకుంది. "ఆఫీసువాళ్లకి తెలీదా ఏంటి? నువ్వు మరీ చోద్యం!" అని నవ్వాయి పక్షులు. ఇక లాభం లేదనుకుని, సెలవుచీటీ కూడా పెట్టకుండా, ముక్కుసంచిలో పిల్లల్ని ఒక్కొక్కటిగా కొండమీదికి మోసింది.

తుఫాను ప్రమోషను కోసం ఆగలేదు. మర్నాడు నక్క వందన సమర్పణ చేస్తుండగా ఒడ్డుమీద విరుచుకుపడింది. పందిరి లేచిపోయింది. సింహం మడచెట్టు పట్టుకుని వేలాడింది. పొరుగు గూళ్లలో ఒక్క పిల్లా దక్కలేదు. పేరంటాలు గుండెలు బాదుకుని ఏడ్చింది.

తడిసిన జూలు ఆరకముందే సింహం విచారణ పెట్టింది. "తుఫానని ఎవరూ చెప్పలేదేం?"

"మహాప్రభో, మీకూ తెలీదు, నాకూ తెలీదు," అంది నక్క. "అడవి మొత్తంలో తెలిసింది ఈవిడొక్కత్తెకే. తన పిల్లల్ని ముందే తరలించుకుంది. తుఫానుతో లోపాయికారీ ఒప్పందం లేకపోతే ఎలా తెలుస్తుందండీ?"

"మీకు చెప్పానుగా!" అని అరిచింది పేరంటాలు.

"రాసిచ్చావా?"

రాసిచ్చిన కాగితం లేదు కాబట్టి పేరంటాల్ని అక్కడికక్కడే సస్పెండు చేశారు. ఆకాశం చూసే కొలువు పగలు కళ్లు కనపడని గుడ్లగూబకిచ్చారు.

నీతి: ముంచుకొచ్చే ముప్పు తెలిస్తే తెలిసింది గానీ, పై అధికారికంటే ముందు మాత్రం తెలియకూడదు.