వాన ఊరి ముసలాయన

ఆ రోజు ఉదయం లిఫ్టు మెకానిక్ పెట్టుకున్న పని చిన్నదే. భార్య ఆడే వీడియో గేములో దీపస్తంభం ఎక్కి దీపం వెలిగించాలి, తర్వాత స్నానం చేసి డ్యూటీకి పోవాలి. ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆవిడ హెడ్ నర్సు పరీక్ష రాయడానికి తెల్లవారుతూనే పక్క ఊరికి బయల్దేరింది.

"రోజూ దీపం వెలగకపోతే ఆ ఊరికి పడవలు రావండీ," అంది చెప్పులేసుకుంటూ. "పైకెక్కి పచ్చ బటన్ నొక్కండి, చాలు. ఇంకేమీ ముట్టుకోకండి."

"లిఫ్టులు బాగుచేసేవాణ్ణి, ఆ మాత్రం చేతకాదా?" అన్నాడతను.

కొన్నేళ్ళుగా ఆవిడ సాయంత్రాలు ఆ గేములోనే గడుస్తున్నాయి. అందులో యుద్ధాల్లేవు, తుపాకుల్లేవు. సముద్రం పక్కన ఒక చిన్న ఊరు, ఎప్పుడూ సన్నగా పడే వాన, అంతే. "నీ ముసురు ఊరికి పోయొచ్చావా?" అని అతను ఏడిపించేవాడు. ఆవిడ నవ్వేసి ఊరుకునేది.

అతను హెడ్‌ఫోన్స్ తగిలించుకుని టీవీ ముందు కూర్చున్నాడు. చెవుల నిండా వాన మొదలైంది. తడిసిన రాళ్ళ దారి, పొగమంచులో పచ్చగా వెలిగే కిటికీలు, ఎవరింట్లోనో తడబడుతూ పియానో నేర్చుకుంటున్న చప్పుడు. చూరు కింద ఒక పిల్లి ఒళ్ళు విదుల్చుకుంది. రోజంతా గ్రీజు వాసనలో, ఇరుకు గోడల మధ్య పనిచేసే మనిషి, ఆ పిల్లి పక్కనే చాలాసేపు ఊరికే నిలబడిపోయాడు. ఇంత బావుంటుందని చెప్పలేదేం అనుకున్నాడు. చెప్పింది. చాలాసార్లు చెప్పింది. అతనప్పుడు వార్తలు చూస్తున్నాడు.

దీపస్తంభం పైకెక్కితే, సరిగ్గా దీపానికి అడ్డంగా కాపలా ముసలాయన నిలబడి ఉన్నాడు. రెయిన్‌కోటు, తెల్లగడ్డం. పచ్చ బటన్ నొక్కితే ఆయన టోపీ సర్దుకుని ఏదో అడిగాడు తప్ప పక్కకు జరగలేదు. డ్యూటీకి ఆలస్యమవుతోందని అతను ఎర్ర బటన్ నొక్కాడు. బరువైన పెట్టెల్ని నెట్టడానికి పెట్టిన బటన్ అది. ముసలాయన టోపీతో సహా రెయిలింగు దాటి వెళ్ళిపోయాడు. కాసేపటికి కింద బుడుంగుమని వినిపించింది.

అతను కిందికి పరిగెత్తాడు. కాపాడదామని పడవ తాడు విప్పితే, పడవ అతన్ని వదిలేసి ఒక్కటే సముద్రంలోకి పోయింది. ఊళ్ళోవాళ్ళని పిలుద్దామని రేవులో గంట కొట్టాడు. అది దారి బాగానే ఉంది రమ్మని చెప్పే గంట. చీకట్లో ఎక్కడో కాచుకున్న పెద్ద పడవ ఆ గంట నమ్ముకుని వచ్చి బండరాళ్ళకు గుద్దుకుంది. కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పియానో ఆగిపోయింది.

వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు. గేముల సంగతి తెలిసినవాడు అతనొక్కడే. హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీద అలాగే ఉన్నాయి. వాన హోరులో తన గొంతు ఎంత పెరిగిందో అతనికి తెలియలేదు.

"ముసలాయన్ని తోసేశానురా. నీళ్ళలో పడ్డాడు, పైకి రాలేదు."

"ఎంతసేపయింది బావా?"

"చాలాసేపయింది. అడ్డంగా నిలబడితే విసుగొచ్చింది. మీ అక్కకు మాత్రం తెలియనివ్వకు."

"గేము దానంతటదే సేవ్ అయిపోతుంది బావా, వెనక్కి తీసుకోలేం. ఇక పోయినట్టే," అన్నాడు బావమరిది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి టీచరమ్మ, బిల్డింగు లిఫ్టు ఆగిపోయిందని చెప్పడానికి వచ్చి గుమ్మంలో నిలబడి అతని మాటలన్నీ వింది. కాలువ గట్టుకు నడకకు వెళ్ళిన వాళ్ళ మామగారు ఇంకా ఇల్లు చేరలేదు. పైగా ఆయనకు దారికడ్డంగా నిలబడి మాట్లాడే అలవాటుంది. ఆవిడ చప్పుడు చేయకుండా వెనక్కి నడిచి, తలుపు గడియ పెట్టుకుని, ముందు నర్సమ్మకు ఫోన్ చేసింది. ఫోన్ ఆపేసి ఉంది. పరీక్ష జరిగే ఆఫీసుకే చేసింది.

మెకానిక్ ఇవేమీ ఎరగడు. మిగిలిన లీవులు లెక్కపెట్టుకుని ఆ రోజుకి ఒకటి పెట్టేశాడు. చలిగాలిలో రేవు పొడుగునా తిరుగుతూ టోపీ అయినా దొరుకుతుందేమో అని వెతికాడు. వాన పడుతూనే ఉంది. ఇప్పుడది వినడానికి బావులేదు.

హెడ్‌ఫోన్స్ ఎవరో లాగేశారు. తలెత్తితే హాలు నిండా మనుషులు. ఎదురుగా భార్య, బస్సు దిగి పరిగెత్తి వచ్చినట్టుంది, ఆయాసంతో రొప్పుతోంది. వెనకాల టీచరమ్మ, వాచ్‌మన్, పై ఫ్లోర్ల వాళ్ళు.

"ఎవర్ని తోశారు?" అంది భార్య.

దాచాలనుకున్నవాడు అంతమందిని చూసి దాచలేకపోయాడు. "నీ దీపస్తంభం ముసలాయన్ని," అన్నాడు.

అందరి చూపులూ టీవీలోని ఖాళీ రేవు వైపు తిరిగాయి. అప్పుడే మెట్ల వైపు నుంచి టకటకమని చప్పుడు వినిపించింది. రెండు ఫ్లోర్ల మధ్య ఆగిపోయిన లిఫ్టులోంచి వస్తోంది. మెకానిక్ తాళంచెవి పట్టుకుని పరిగెత్తి తలుపు తీస్తే, టీచరమ్మ మామగారు చేతికర్రతో సహా బయటపడ్డారు.

"పొద్దుట్నుంచీ కొడుతున్నాను," అన్నారాయన. "గోడవతలే లిఫ్టు మెకానిక్ ఉన్నాడని ఓ ధైర్యం ఉండేది నాయనా. అది పోయింది."

టీచరమ్మ క్షమించమంది. ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. భార్య చెప్పులు కూడా విప్పకుండా టీవీ ముందు కూర్చుంది. దీపం లేదు, పడవ లేదు, కిటికీల్లో ఒక్క వెలుగూ లేదు. చాలాసేపు ఆ తడి చీకటినే చూస్తూ ఉండిపోయింది. తిడితే బావుండుననుకున్నాడు అతను. తిట్టలేదు.

"మళ్ళీ కట్టుకోవచ్చు కదా," అన్నాడు నెమ్మదిగా. "నేనూ సాయం చేస్తాను."

"ఊరు కట్టుకోవచ్చు. ఆయన రాడు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "పైకెక్కగానే రోజూ ఒకటే అడిగేవాడు. 'ఇవాళ ఎలా గడిచింది?' అని. ఆయనకి అదొక్క ముక్కే నేర్పారు, నాకు తెలుసు. అయినా వార్డులో ఏం జరిగిందో అంతా చెప్పేదాన్ని."

అతను ఆవిడ చేతిసంచీ వైపు చూశాడు. సగం బయటికొచ్చిన హాల్ టికెట్టు వానలో తడిసి ముడతలు పడింది. తను చూసిన వాన కాదది, బయటి వాన. ఆవిడ పరీక్ష మధ్యలో లేచి వచ్చేసిందని అప్పుడు తట్టింది అతనికి. ఇన్నేళ్ళలో ఆ ముసలాయన అడిగిన మాట తను ఒక్కసారైనా అడిగాడా అని వెనక్కి వెతుక్కున్నాడు. దొరకలేదు.

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఇవాళ ఎలా గడిచింది?" అన్నాడు.

ఆవిడ అతని వైపు తిరిగింది.

"మొదటి ప్రశ్నకు జవాబు రాస్తుంటే మా ఆయన ఎవర్నో చంపాడని ఫోనొచ్చింది," అంది. "అక్కణ్ణుంచి మొదలుపెట్టనా?"