గుప్పెడు నల్ల బార్లీ

ఆ శుక్రవారం పొద్దున కృష్ణవేణి పెట్టుకున్న పని ఒక్కటే. దుబాయి కరామాలో బిల్డింగు జనం నిద్రలేచి తలుపులు తీసేలోగా బార్లీ వేయించి, కాచి, వంటిల్లు కడిగేసుకోవాలి. కాచేది జావ అయితే ఇంత హడావుడి లేదు. బీరు.

బీరు సీసా ముట్టుకోని మనిషికి ఈ పని తగలడానికి కారణం భర్త సుబ్బరాజు ఆఫీసులో ముదీర్, అంటే మేనేజరు, బ్రెండన్. రెండువేల తొమ్మిదిలో కంపెనీ సగంమందిని ఇంటికి పంపినప్పుడు, ఆ జాబితాలోంచి సుబ్బరాజు పేరు కొట్టించినవాడు ఆయనే. అయిదేళ్లు గడిచాయి. ఇప్పుడాయన రిటైరై మూడు వారాల్లో ఐర్లండు వెళ్లిపోతున్నాడు. మా ఊళ్లో బీరు ఎర్రగా ఉంటుంది, ఆ రంగు ఇక్కడెక్కడా కనపడదు అని ఎప్పుడో అన్నాడట. అంతే, సుబ్బరాజు ఆగలేదు. ఇంట్లో బీరు కాచారని తెలిస్తే ఉద్యోగం, వీసా రెండూ పోతాయని తెలిసి కూడా, షార్జాలో మేకల దాణా అమ్మే కొట్టునుంచి పొట్టు తీయని బార్లీ మూట మోసుకొచ్చాడు. రాగులకు కట్టినట్టే కృష్ణవేణి తడిగుడ్డలో మొలక కట్టి, బాల్కనీలో ఎండబెట్టింది.

మొదటిసారి కాచింది ఎండుగడ్డి రంగులో వచ్చింది. రెండోసారి గింజలన్నీ మాడిస్తే డికాషన్‌లా నల్లగా దిగింది.

"అన్నీ ఒకేలా ఎందుకండీ వేయించడం? పప్పు ఎంతో ఎండుమిర్చీ అంతే వేస్తామా పోపులో?" అంది కృష్ణవేణి.

ఈసారి మూకుడు తనే పట్టుకుంది. నాలుగు కేజీల గింజ అలాగే ఉంచి, అరకేజీ దోరగా వేయించి, ఒక్క గుప్పెడు మాత్రం నల్లబడేదాకా ఉంచింది. అన్నీ కలిపి మరపట్టి, వేడినీళ్లలో నానబెట్టి, వడగట్టి, లండన్ నుంచి స్నేహితుడు తెచ్చిన హాప్స్ అనే చేదుపువ్వులు వేసి కాచారు. గాజు గ్లాసులో పోసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే కెంపులా మెరిసింది.

"వేణీ, ఇదే!" అన్నాడు సుబ్బరాజు. ఇక బకెట్లో చల్లార్చి ఈస్ట్ చల్లి రెండు వారాలు బాత్రూములో దాచడమే మిగిలింది. దాణా కొట్టులో ఇంకో మూట లేదు.

బకెట్టు చల్లారిందో లేదో గంట మోగింది. కింది ఫ్లాటు షహర్బాను.

"ఏంది వదినా, మెట్లమీదికి బార్లీ వాసన వస్తా ఉండాది. ఎవురికి బాగలేదు?"

బార్లీ కాచారంటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనే మన లెక్క. ఎవరికీ కాదంటే మరెందుకంటుంది. "ఆయనకే" అనేసింది కృష్ణవేణి.

"అన్నకా? కిడ్నీలో రాయా?"

కృష్ణవేణి తల ఊపింది. లోపల వింటున్న సుబ్బరాజు ఒక్క గెంతులో మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు.

అరగంటలో పై అంతస్తు భోజన్న వచ్చేశాడు. టాక్సీ నడుపుతాడు, పోయినేడు రాయితో నెలరోజులు మంచానపడ్డ అనుభవం ఉంది.

"ఏ దిక్కు నొస్తున్నదే అన్నా?"

"కుడి" అన్నాడు సుబ్బరాజు.

"ఎడమ" అంది కృష్ణవేణి అదే క్షణంలో.

"రెండు దిక్కులా! అరె, నాకన్న పెద్ద కేసు గదా ఇది!"

ఈలోగా షహర్బాను వంటింట్లోకి వెళ్లి బకెట్టు చూసింది. "ఎంత కాచినావు వదినా! మంచి పని చేసినావు. ఎర్రగా ఉండాదే?"

"కొంచెం వేయించాను."

ఒక చెంబు నిండా ముంచుకొచ్చి సుబ్బరాజు నోటికి అందించింది. ముదీర్‌కివ్వాల్సిన కానుకను అతను కళ్లు మూసుకుని మింగాడు. పువ్వుల చేదుకు మొహం వంకర్లు పోయింది.

"చూడు, రాయి కదలతా ఉండాది!" అంది షహర్బాను. "ఇంకో చెంబు పట్టించు."

మూడో చెంబు దగ్గర భోజన్న కూడా ఒక గుక్క రుచి చూశాడు. "గింత చేదున్నదంటే అసలైన మందే. నాకో సీసా పొయ్యక్కా, మల్ల వస్తదేమో." షహర్బాను తన అత్తకు కాళ్లు వాస్తున్నాయని రెండు సీసాలు నింపుకుంది. ఆ సంగతి విని మూడో అంతస్తు వాళ్లూ వచ్చారు. రోగాలు చెప్పుకుంటూ సీసా చాపిన మనిషిని పొమ్మనేదెలా? ఇంకా ఈస్ట్ పడలేదు, అవి ఉత్త బార్లీ నీళ్లే, అదొక్కటే అదృష్టం అనుకుంటూ కృష్ణవేణి పోసింది.

"ఇంకా ఎంతుంది?" దుప్పట్లోంచి గొణిగాడు సుబ్బరాజు.

"ఒక్క గ్లాసు."

"అయిదేళ్లకి ఆయనకి ఒక్కటిద్దామనుకున్నాను, వేణీ." గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జుమ్మా నమాజు అయ్యాక మళ్లీ గంట మోగింది. షహర్బాను భర్త హిదాయతుల్లా. సుబ్బరాజు కంపెనీలోనే డ్రైవరు. అతని వెనక నారింజపళ్ల సంచితో సాక్షాత్తూ ముదీర్!

"ఫోన్ చేసి చెప్పినా. సార్ ఒక్క నిమిషం ఆగలా" అన్నాడు హిదాయతుల్లా గర్వంగా.

ఇంటికొచ్చిన పెద్దమనిషికి మర్యాద చేయాలని షహర్బానే ఆ చివరి గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, మొగుణ్ణి తీసుకుని కిందికి వెళ్లింది. బ్రెండన్ గ్లాసును వెలుతురుకెత్తి చూశాడు.

సుబ్బరాజు లేచి కూర్చున్నాడు. "సార్, రాయి లేదు. ఏమీ లేదు. అది మీకోసం బీరు కావాల్సింది."

"మెట్లమీదే అనుమానం వచ్చింది. ఈస్ట్ వేశావా?"

"వెయ్యనివ్వలేదు సార్, ఈ జనం."

"బతికించారు. నేను తాగుడు మానేసి పదకొండేళ్లయింది, రాజూ. బీరైతే థాంక్స్ చెప్పి పక్కన పెట్టేసేవాణ్ణి. నేను బెంగపడింది ఈ రంగు కోసం." గ్లాసు ఖాళీ చేసి అడుగున మిగిలిన చుక్క కోసం వంచాడు. "ఎవరు వేయించారు?"

సుబ్బరాజు భార్యను చూపించాడు. ముదీర్ గుండెమీద చెయ్యి వేసుకుని ఆమెకు తల వంచాడు. కృష్ణవేణికి కళ్లు చెమర్చాయి. షహర్బాను గంట కొట్టకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే, ఇప్పుడే కిందికి పరుగెత్తి ఆమెను కావలించుకోవాలనిపించింది.

గుమ్మం దాటుతూ బ్రెండన్ ఆగి, నొచ్చుకుంటూ ఇంకో మాట చెప్పాడు. కారులోంచే ఫోన్ చేసి కంపెనీ తరఫున స్కానింగ్ ఖాయం చేశాడట. తీసుకెళ్లే పూచీ తనదని హిదాయతుల్లా మాటిచ్చేశాడట. ఇప్పుడు వద్దంటే, మరి బార్లీ ఎందుకు కాచారని బిల్డింగంతా అడుగుతుంది.

సోమవారం సుబ్బరాజు, లేని రాయిని చూపించుకోవడానికి సగంరోజు సెలవు పెట్టాడు.