గరికమ్మ రేవులో తొలి నీళ్ళు

ఒక పెద్ద అడవిలో, చెట్లకు కొదవ లేకపోయినా నీళ్ళు మాత్రం ఒక్కచోటే దొరికే అడవిలో, గాండ్రప్ప రేవు అని ఒక రేవు ఉండేది. గాండ్రప్ప అంటే పులి. పోయి రెండు తరాలైంది. బతికినన్నాళ్ళూ నీళ్ళకు దిగినవాళ్ళను దిగినట్టే ఆ రేవులో పట్టి తిన్నాడు. అందుకని రేవుకు ఆయన పేరు పెట్టారు. ఇదేం లెక్కో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. తిన్నవాడి పేరు నిలుస్తుంది, పోయినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు.

ఆ రేవులో పొద్దున్నే తొలి నీళ్ళు గాండ్రప్ప వంశానివి. ఇప్పుడున్నది మనవడు చిన గాండ్రప్ప. ఆయన దిగి, తాగి, పొర్లి, మీసాలు కడుక్కుని, ఎండెక్కాక గట్టెక్కేవాడు. మిగతావాళ్ళు ఆ తర్వాతే దిగాలి. అప్పటికి మిగిలేది బురద.

చుక్కమ్మ అనే జింకకు ఒక పిల్ల. ఆ ఎండాకాలం బురదనీళ్ళు పడక పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. కాళ్ళు మడిచి పడుకున్నది పడుకున్నట్టే ఉంది. ఇంకొన్నాళ్ళు అవే నీళ్ళు తాగితే పిల్ల దక్కదని తల్లికి తెలుసు. సభకు వెళ్ళింది.

సభాధ్యక్షుడు నక్క. పేరు తియ్యప్ప. ఎవరు ఏడ్చినా ముందు తానే కళ్ళు తుడుచుకునే రకం.

“అయ్యా, పులిదొర దిగకముందు నా పిల్లకు నాలుగు గుక్కల తేటనీళ్ళు ఇప్పించండి” అంది చుక్కమ్మ.

“అమ్మా చుక్కమ్మా, తొలి నీళ్ళ కట్టుబాటు తాతలనాటిది. బ్రహ్మ దిగొచ్చినా మారదు. కానీ నీ బాధ నాకు తెలియంది కాదు. మీ నాయనమ్మ గరికమ్మను తిన్నవాడి పేరు రోజూ చెవిన పడుతుంటే కడుపు తరుక్కుపోదూ?”

“పేరు మాట నేను ఎత్తలేదయ్యా. నీళ్ళ మాట ఎత్తాను.”

“నువ్వు ఎత్తవు. మంచిదానివి. మేమే అర్థం చేసుకోవాలి.”

ఆ సాయంత్రమే తియ్యప్ప పులి దగ్గరకు పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిన గాండ్రప్ప పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు.

“పేరు పోతే నీళ్ళు పోవు కదా?”

“నీళ్ళెక్కడికి పోతాయి దొరా. జింకకు పేరిస్తే దాని నోరు మూతపడుతుంది. మీకు మంచిపేరు వస్తుంది.”

“అయితే కానీ” అన్నాడు చిన గాండ్రప్ప. తాతంటే అంత ప్రేమ మరి.

మర్నాటి నుంచి సభలో ఒకటే వాదన. దుమ్ములగొండి లేచి రొమ్ము విరుచుకుంది. దాని ముత్తాత గాండ్రప్ప వదిలేసిన ఎముకల మీదే బతికాడు.

“చరిత్రను చెరిపేస్తారా? గాండ్రప్ప హయాంలో అడవి ఎంత ప్రశాంతంగా ఉండేదో మీకేం తెలుసు?”

“ఉంటుంది. మిగిలింది ఎంతమంది కనక” అంది అడవిపంది.

కోతి కొమ్మ దిగకుండానే, “పేరు మారితే చాలు, పాపం కొట్టుకుపోతుంది” అంది. చిలకలు పొద్దున దుమ్ములగొండి మాటా, మధ్యాహ్నం కోతి మాటా పలికాయి. ఏడు రోజులు ఇదే గోల. ఆ ఏడు రోజులూ పులి తొలి నీళ్ళలో పొర్లుతూనే ఉంది. పిల్ల ఎలా ఉందని అడిగిన నోరు ఒక్కటీ లేదు.

ఎనిమిదో రోజు డప్పులతో ఊరేగింపు చేసి, పాత పలక పీకి కొత్త పలక పాతారు. ‘గరికమ్మ రేవు’. తియ్యప్ప గంటసేపు మాట్లాడి, మధ్యలో రెండుసార్లు ఏడ్చి, చుక్కమ్మ మెడలో దండ వేశాడు. దండలో లేతాకులు ఉన్నాయి. చుక్కమ్మ వాటిని పిల్లకు పట్టుకుపోయింది. ఆ సభ వల్ల వాళ్ళకు దక్కింది అంతే.

తెల్లవారి చుక్కమ్మ పిల్లను మూతితో నెట్టుకుంటూ రేవుకు తెచ్చి, ఎప్పట్లా గట్టు మీద నిలబడింది. పులి దిగబోతోంది. పక్కన ఎలుగు తాత కూర్చుని ఉన్నాడు. కట్టుబాట్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఆయన్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మాట నిదానమని సభలో చివరి వరసలో కూర్చోబెట్టేవారు.

“తల్లీ, తొలి నీళ్ళు నీవి కదా. ఇక్కడ నిలబడ్డావేం?” అన్నాడు.

“నావెట్లా అవుతాయి తాతా?”

“రేవు ఎవరి పేరున ఉంటే తొలి నీళ్ళు వాళ్ళ వంశానివి. అదే కట్టుబాటు. గాండ్రప్పే పెట్టాడు. తన పేరు పోయే రోజు వస్తుందని ఆయన అనుకోలేదు పాపం.”

గట్టంతా విన్నది. అడవిదున్న కొండప్ప మంద వెనక నుంచి ముందుకొచ్చి కొమ్ములు దించి నిలబడ్డాడు. పులి కొమ్ముల వంక చూసి, తనకు ఈ పూట దాహంగా లేదని చెప్పి వెళ్ళిపోయింది.

పిల్ల మూడు పొద్దులు తేటనీళ్ళు తాగింది. మూడో పొద్దున తనంతట తాను లేచి నిలబడింది.

ఆ మధ్యాహ్నమే సభకు పిలుపొచ్చింది. తియ్యప్ప గొంతులో తేనె తగ్గింది. “కట్టుబాటన్నాక కాలాన్ని బట్టి మారాలి. ఇకమీదట తొలి నీళ్ళు పేరును బట్టి కాదు, అలవాటును బట్టి. అందరికీ సమ్మతమే కదా?” చిలకలు సమ్మతమన్నాయి. కట్టుబాటు తుమ్మినంత సేపట్లో మారిపోయింది.

చుక్కమ్మ లేచింది. “అయ్యా, బ్రహ్మ దిగొచ్చినా మారదన్నారు కదా?”

“అది నువ్వు అడిగినప్పుడు” అన్నాడు తియ్యప్ప. అనేశాక నాలుక కరుచుకున్నాడు కానీ, అప్పటికే సభ అంతా విన్నది. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు చిన గాండ్రప్ప కొత్త కట్టుబాటు చేత పట్టుకుని దర్జాగా రేవుకు వచ్చాడు. చూస్తే కాలు పెట్టే సందు లేదు. దున్నలు, పందులు, కుందేళ్ళు, మధ్యలో చుక్కమ్మ పిల్ల మోకాళ్ళ లోతు నీళ్ళలో.

“కట్టుబాటు తెలియదా మీకు?” అని గాండ్రించాడు.

కొండప్ప నీళ్ళలోంచి మూతి ఎత్తి, “ఏ కట్టుబాటు దొరా? మొన్నటిదా, నిన్నటిదా?” అని అడిగి, మళ్ళీ తాగడంలో పడ్డాడు.

నీతి: అడిగింది ఇవ్వడం ఇష్టం లేనప్పుడు అడగనిది ఊరేగించి మరీ ఇవ్వాలి; కాకపోతే ఇచ్చేముందు చివరి వరసలో కూర్చున్నవాణ్ణి ఒక మాట అడగాలి.